నేర్పి వెళ్ళినవాళ్ళు



అనంతపురం నుంచి కదిరి దారిలో పోతుంటే బత్తలపల్లి వస్తుంది. అక్కడ బస్సు దిగేవాళ్ళలో చాలామంది చేతుల్లో ఒకే రకం సామాను కనిపిస్తుంది. ఒక గుడ్డ సంచి, అందులో పాత చీటీలు, ఎక్స్‌రే కవరు, నీళ్ళ బాటిలు, మధ్యాహ్నానికి సద్ది. వీళ్ళంతా ఆర్డీటీ ఆసుపత్రికి వచ్చినవాళ్ళు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే పూర్తి పేరు మన జిల్లాలో ఎవరూ పలకరు, పలకాల్సిన అవసరమూ లేదు. ఆర్డీటీ అంటే చాలు, తండాలో ముసలవ్వకు కూడా తెలుసు.

ఆ ఆసుపత్రికి ఇంకో దారిలో వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. స్పెయిన్‌లో తమ ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు పెట్టి, జీతం ఆశించకుండా కొన్ని వారాలో కొన్ని నెలలో ఇక్కడ పనిచేసి వెళ్ళే డాక్టర్లు, నర్సులు. ఎముకల డాక్టర్లు వస్తారు, మత్తు డాక్టర్లు వస్తారు, చంటిపిల్లల వైద్యం తెలిసిన సిస్టర్లు వస్తారు. ఇలాంటివాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు ఎంతమందిని చూశారు, ఎన్ని ఆపరేషన్లు చేశారు అని అడగడం మనకు అలవాటు. ఈరోజు నేను వేరే ప్రశ్న అడుగుతాను. వాళ్ళు విమానమెక్కి వెళ్ళిపోయిన మర్నాటి రాత్రి, రెండు గంటలప్పుడు, ఒక గర్భిణి నొప్పులతో ఆటోలో వచ్చి దిగితే ఆ లేబర్ రూంలో ఏం జరుగుతుంది? వచ్చిన డాక్టరు గొప్పతనం నాకు ఆ రాత్రిలోనే తెలుస్తుంది.

ముందు నేల సంగతి చెప్పుకోవాలి. మన పీఠభూమికి ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమలు దాటేసరికి ఖాళీ అయిపోతాయి. ఈశాన్యం వానలు కోస్తా నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి ఓపిక పోగొట్టుకుంటాయి. ఎర్రనేల, చెనిక్కాయ, ఎండిన బోరు. చెనిక్కాయ ఊడలు దిగే వేళకు వాన రాకపోతే ఆ ఇంట్లో ముందు తగ్గేది ఆడదాని పళ్ళెంలోని ముద్ద. అందుకే మన దగ్గర రక్తహీనత ఇంత. బోరు ఎంత లోతుకు పోతే నీళ్ళలో ఫ్లోరైడు అంతగా పెరిగి, పళ్ళు పచ్చబడి, మోకాళ్ళు వంకర్లు పోయిన ఊళ్ళు మనకున్నాయి. పంట పోయినాక బెంగళూరుకు వలస. వలసలో సగం తిండి, ఇరుకు గది, ఆ తర్వాత క్షయ. పొలంలో పాము, ఇంట్లో పురుగుల మందు డబ్బా. మన జబ్బుల పట్టీ రాసుకుంటూ పోతే అది కరువు రాసిచ్చిన పట్టీలాగే ఉంటుంది.

ఈ నేలకు 1969లో విన్సెంట్ ఫెర్రర్ వచ్చాడు. 1920లో బార్సిలోనాలో పుట్టినవాడు, 1952లో జెసూట్ క్రైస్తవ సభ మనిషిగా బొంబాయి చేరినవాడు. మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర రైతులతో బావులు తవ్వించాడు. పేదవాళ్ళు ఆయన చుట్టూ చేరడం అక్కడి పెద్దలకు గిట్టలేదు. 1968లో దేశం విడిచి పోవలసి వచ్చింది. మళ్ళీ అనుమతి దొరికి తిరిగొచ్చినప్పుడు ఆయన అడుగుపెట్టింది మన అనంతపురంలో. 1970లో సభను వదిలి, ఇంగ్లండు నుంచి వచ్చి మన దేశంలో పత్రికా విలేఖరిగా పనిచేసిన అన్నే పెర్రీని పెళ్ళి చేసుకున్నాడు. ఊళ్ళవాళ్ళు మాత్రం ఆయన్ను చివరిదాకా 'ఫాదర్' అనే పిలిచారు. 2009 జూన్ 19న పోయేదాకా ఆయన ఈ జిల్లా వదల్లేదు. ఆయన సమాధి కూడా బత్తలపల్లిలోనే ఉంది. ఆసుపత్రుల పనీ, ఆడవాళ్ళ సంఘాల పనీ అన్నే ఫెర్రర్ తన భుజాన వేసుకున్నారు.

వీళ్ళిద్దరిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఒకటుంది. ఆసుపత్రి కట్టడంతో మొదలుపెట్టలేదు. బత్తలపల్లి ఆసుపత్రి తెరిచింది 2000లో. దానికి ఎన్నో ఏళ్ళ ముందే ఊళ్ళలో ఆడవాళ్ళను ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేయడం మొదలైంది. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళో, ఆ ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళో. కొందరికి అక్షరాలు కూడా అంతంతమాత్రం. వాళ్ళకు నేర్పినవి చూడటానికి చిన్న పనులే. కాన్పుకు ముందు చేతులు సబ్బుతో ఎలా కడుక్కోవాలి, బొడ్డు కొయ్యడానికి కొత్త బ్లేడు ఎందుకు, విరేచనాల బిడ్డకు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు ఎలా కలపాలి, చెంచాల మీద కొలత గోపురంగా నిలవకుండా ఎలా చదును చెయ్యాలి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం, అందుకే ఆ చదును అంత ముఖ్యం. 1970లో మహారాష్ట్ర కరువు ప్రాంతం జామ్‌ఖేడ్‌లో డాక్టర్ రజనీకాంత్ ఆరోళే, డాక్టర్ మాబెల్ ఆరోళే దంపతులు ఇదే దారి పట్టారు. 1978లో ఆల్మా ఆటా సమావేశంలో ప్రపంచ దేశాలు కూర్చుని ప్రాథమిక వైద్యమే పునాది అన్నాయి. మన దేశమంతటా ఆశా కార్యకర్తలు వచ్చింది 2005లో. మన కరువు ఊళ్ళలో ఆడవాళ్ళు అంతకు చాలా ముందే ఆ పనిలో ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళ చేతుల మీదుగా బతికిన పిల్లలు ఈపాటికి తల్లిదండ్రులై ఉంటారు.

ఆ తర్వాతే ఆసుపత్రులు. బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లు. బత్తలపల్లి ఆసుపత్రి పక్కనే నర్సింగ్ బడి. ఆర్డీటీ ఎక్కువగా పనిచేసేది దళిత, గిరిజన, వెనుకబడిన కులాల మధ్య. నర్సింగ్ బడిలోనూ ఆ ఇళ్ళ ఆడపిల్లలు ఎందరో. ఇక్కడ ఒక మాట దాపరికం లేకుండా చెప్పాలి. మన ఊళ్ళలో ఆ పిల్లల తాతలను బావి గట్టు ఎక్కనివ్వలేదు, వాళ్ళ చేతి నీళ్ళు ముట్టలేదు. ఆ ఇంటి మనవరాలు ఇప్పుడు తెల్ల కోటు వేసుకుని, ఊరందరి బిడ్డలనూ తల్లి కడుపు నుంచి ముందుగా అందుకునే మనిషైంది. బిడ్డను ఆమె చేతుల్లోంచి తీసుకునే నాయనమ్మ ఆమె కులం అడగదు. "బిడ్డ ఏడ్చిందామ్మా?" అని అడుగుతుంది. వైద్యంలో శిక్షణ అంటే కేవలం వైద్యం నేర్పడమే కాదని నేను నమ్మేది ఇందుకే.

ఆ ఏడుపు గురించే కొంచెం వివరంగా చెప్తాను. పుట్టిన పదిమంది బిడ్డల్లో సుమారు ఒకరికి ఊపిరి అందుకోవడానికి ఎంతోకొంత సాయం కావాలి. ఆ సాయం మొదటి నిమిషంలోనే అందాలి. తుడవాలి, వెచ్చగా పొడి గుడ్డలో చుట్టాలి, వీపు రుద్దాలి. అప్పటికీ ఏడవకపోతే ఆంబూ బ్యాగు అందుకోవాలి. రబ్బరు బుడ్డ, దాని కొసన చిన్న మాస్కు. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పట్టుకుంటే తెలుస్తుంది కష్టం. బొటనవేలు, చూపుడువేలు గుండ్రంగా మాస్కు మీద. మిగతా మూడు వేళ్ళు దవడ ఎముక కింద, దవడను పైకి లేపుతూ. మెత్తటి మెడ మీద వేళ్ళు పడకూడదు, పడితే గాలి దారి మూసుకుపోతుంది. తల ఎక్కువ వెనక్కి వాలకూడదు, ముందుకు వంగకూడదు. మాస్కు అంచు ఎక్కడో వెంట్రుకవాసి లేస్తే చాలు, గాలంతా పక్కకు పోతుంది, బుడ్డ నొక్కుతున్నామన్న తృప్తి తప్ప బిడ్డ ఛాతీ లేవదు. నిమిషానికి 40 నుంచి 60 సార్లు నొక్కాలి. గట్టిగా నొక్కితే ఆ చిన్న ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

దీన్ని బోర్డు మీద రాసి నేర్పలేరు. బొమ్మ బిడ్డను బల్ల మీద పెట్టి, నేర్చుకునే పిల్ల వేళ్ళ మీద నేర్పేవాళ్ళ వేళ్ళు పెట్టి నేర్పాలి. స్పెయిన్ నుంచి వచ్చిన సిస్టరుకు తెలుగు రాదు, మన పిల్లకు స్పానిష్ రాదు, ఇద్దరికీ ఉన్న ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా వేలు ఎక్కడ జారిందో వేలికే తెలుస్తుంది. బొమ్మ ఛాతీ లేస్తే ఇద్దరికీ కనిపిస్తుంది. మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ. ఇలా చేయి తిరిగిన పిల్ల పై ఏడాది జూనియర్లకు నేర్పుతుంది. ఆ జూనియర్లకు మొదట నేర్పిన విదేశీ సిస్టరు ఎవరో కూడా తెలియదు. తెలియకపోవడమే మేలని నేనంటాను. ఆ విద్య ఇక అరువు సొమ్ము కాదు, బత్తలపల్లిదే.

నెలలు నిండని బిడ్డల సంగతీ ఇలాంటిదే. మన ఇళ్ళలో "బిడ్డను పెట్టెలో పెట్టినారు" అంటారు, ఆ మాటలోనే సగం భయం ఉంటుంది. 1978లో కొలంబియా దేశం బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా తన దగ్గర పెట్టెలు చాలక, బిడ్డను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనించి కట్టే పద్ధతి పెట్టాడు. కంగారూ తల్లి సంరక్షణ అని దానికి పేరొచ్చింది. లేమిలోంచి పుట్టిన ఆ వైద్యం తర్వాత సంపన్న దేశాలకూ పోయింది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఇప్పుడది మామూలే. తల్లి అలసిపోతే తండ్రి చొక్కా విప్పి బిడ్డను గుండెకు ఆనించుకుంటాడు. మీసాలాయన కదలకుండా, దగ్గు వచ్చినా ఆపుకుని కూర్చోవడం చూస్తే కడుపు నిండుతుంది.

ఇంతసేపూ వచ్చినవాళ్ళు మనకు నేర్పింది చెప్పాను. వాళ్ళు మన దగ్గర నేర్చుకుపోయేది తక్కువేం కాదు. యూరప్‌లో పెద్ద ఆసుపత్రిలో పదేళ్ళు పనిచేసిన డాక్టరు కూడా రక్తపింజరి కాటు చూసి ఉండకపోవచ్చు. మన దగ్గర చెనిక్కాయ పెరికే రోజుల్లో అది వింత కాదు. కాలు ఉబ్బి, చిగుళ్ళ నుంచి రక్తం కారుతూ మనిషి వస్తాడు. అప్పుడు మన సిస్టరు చేసే పరీక్షకు ఏ యంత్రమూ అక్కర్లేదు. శుభ్రమైన, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి, నిలువుగా పెట్టి, గడియారం చూసుకుంటుంది. 20 నిమిషాలు దాన్ని ఎవరూ కదిలించకూడదు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తుంది. రక్తం గడ్డకట్టి ఉంటే ఒక దారి, నీళ్ళలా జారితే పింజరి విషం ఎక్కిందని అర్థం, వెంటనే విరుగుడు మందు. గాజు గొట్టమే కావాలి, ప్లాస్టిక్ పనికిరాదు. సబ్బుతో కడిగిన గొట్టమూ పనికిరాదు. రెండూ తప్పు జవాబిస్తాయి. ఇవన్నీ ఆమె పెద్ద డాక్టరుకు చెప్తుంటే ఆయన వింటాడు.

కట్లపాము ఇంకా మాయది. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది, గాటు కనపడదు, మంట ఉండదు. తెల్లారి కడుపు నొప్పి అంటారు, రెప్పలు వాలిపోతుంటాయి, కాసేపటికి ఊపిరి ఆగుతుంది. కడుపు నొప్పి అని వచ్చిన పిల్లవాడిని చూసి "రాత్రి యాడ పడుకున్నావప్పా, నేల మీదా?" అని అడగాలని తెలిసినది మన సిస్టరుకే. పురుగుల మందు తాగినవాళ్ళ దగ్గరా అంతే. వాసన పట్టి, కంటిపాప చూసి, అట్రోపిన్ ఎక్కించడం మొదలుపెట్టే చెయ్యి మనవాళ్ళది. ఆ చేతికి అంత అనుభవం రావడం వెనక ఉన్న దుఃఖం తలుచుకుంటే నాకు గర్వం రాదు, గొంతు పట్టేస్తుంది.

మందు చీటీ దగ్గర కూడా అనువాదం ఒక్కటే సరిపోదు. భోజనం తర్వాత మూడు పూటలా అని డాక్టరు రాస్తాడు. ఆ అవ్వ తినేదే రెండు పూటలు. పొద్దున సంగటి, రాత్రి మిగిలిన సంగటి. మధ్యాహ్నం మాత్ర ఆమె వేసుకోదు, ఖాళీ కడుపున వేసుకోకూడదన్నారు కదా. వారం తర్వాత జబ్బు తగ్గలేదని వస్తుంది. "అవ్వా, నువ్వు ఎన్నిసార్లు తింటావు?" అని మన సిస్టరు అడిగితేనే ఆ చిక్కుముడి విడుతుంది. అది అడగాలని తోచడానికి ఆమె కూడా అలాంటి ఇంట్లో పెరిగి ఉండాలి.

వచ్చినవాళ్ళలో కొందరు ఉండిపోయారు కూడా. డాక్టర్ గెరార్డో అల్వారెజ్ ఉరియా స్పెయిన్ నుంచి వచ్చి బత్తలపల్లిలో అంటువ్యాధుల విభాగం నడిపారు. ఒకప్పుడు మన జిల్లాలో హెచ్ఐవి అంటే ఎంత హడలో పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. బెంగళూరు, హైదరాబాదు రహదారి జిల్లా నడుమ నుంచి పోతుంది. లారీలు, వలసలు, భర్త ద్వారా భార్యకు, తల్లి ద్వారా బిడ్డకు. ఊరి చివర పాకలో పడేసిన మనుషులున్నారు. హెచ్ఐవిని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం 2004లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మందు ఉంటే చాలదు, మనిషి దాన్ని ఏళ్ళ తరబడి ఆపకుండా వేసుకోవాలి. ఎవరు మధ్యలో ఆపేస్తున్నారు, ఎందుకు ఆపేస్తున్నారు, క్షయ ఎవరిని ముందు పట్టుకుంటోంది, ఈ సంగతులన్నీ అక్కడి రోగుల రికార్డుల నుంచి ఏరి, ఆయనా మన డాక్టర్లూ కలిసి అంతర్జాతీయ వైద్య పత్రికల్లో వరసగా వ్యాసాలు ప్రచురించారు. విన్సెంట్ ఫెర్రర్ హెచ్ఐవి కోహోర్ట్ అన్న పేరుతో అవి ప్రపంచానికి తెలుసు. ఆ వ్యాసాల కింద తెలుగు డాక్టర్ల పేర్లు ఉండటం నాకు ముఖ్యం. మన రోగుల వివరాలు మూటగట్టుకుపోయి ఎక్కడో తమ పేరున రాసుకునేవాళ్ళు లోకంలో తక్కువేం లేరు.

బయటినుంచి వచ్చి వైద్యం చేయడం మన తెలుగు నేలకు కొత్త కాదు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చింది, 1898లో ఆడవాళ్ళ ఆసుపత్రి తెరిచింది, 1930లో అక్కడే కన్నుమూసింది. మన సీమవాళ్ళకు అంతకన్నా దగ్గరి పేరు వేలూరు. ఇప్పటికీ పెద్ద జబ్బు అంటే "వేలూరికి తీసుకుపోదాం" అంటాం. ఐడా స్కడర్ 1900లో అక్కడ పని మొదలుపెట్టినప్పుడు ఆమె ఒక్కతే. తన ఒక్క ప్రాణం ఎందరికని సరిపోతుందని ఆమెకు తొందరగానే అర్థమైంది. 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టింది, 1918లో ఆడవాళ్ళకు వైద్య పాఠశాల పెట్టింది. ఆమె ఒక్కతే రోగులను చూస్తూ ఉండిపోయి ఉంటే ఆమెతోనే ఆ ఆసుపత్రి పోయేది. మనం ఇవాళ వేలూరు పోతున్నామంటే ఆమె నేర్పిన చేతుల వల్ల, ఆ చేతులు నేర్పిన చేతుల వల్ల.

ఇథియోపియాలో ఇంకో ఆడమనిషి ఉంది. పేరు మామితు గాషే. పదహారేళ్ళప్పుడు కాన్పు కష్టమై, మూత్రం ఆగని గాయంతో అడిస్ అబాబా ఆసుపత్రికి రోగిగా వచ్చింది. అక్కడ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కేథరిన్ హామ్లిన్, ఆమె భర్త రెజినాల్డ్ వైద్యం చేస్తున్నారు. మామితు అక్కడే ఉండిపోయి, పక్కలు సర్దుతూ, పనిముట్లు అందిస్తూ, చూస్తూ, చివరికి ఆ ఆపరేషన్ తానే చేయడం నేర్చుకుంది. చదువు లేదు. 1989లో లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ బంగారు పతకం రెజినాల్డ్ హామ్లిన్‌తో పాటు ఆమెకూ వచ్చింది. పెద్ద డిగ్రీల డాక్టర్లు ఆమె పక్కన నిలబడి నేర్చుకున్నారు. అంటే ఆ దంపతులు ఆమెను నయమైన రోగిగా మాత్రమే చూసి ఇంటికి పంపేయలేదు. ఆ చూపు అరుదు.

అన్ని సేవలూ ఇలాగే ఉంటాయని చెప్పను. రెండు రోజుల శిబిరం పెట్టి, బ్యానరు కట్టి, బీపీ చూసి, వారానికి సరిపడా మాత్రలిచ్చి, ఫొటోలు దిగి వెళ్ళే పద్ధతి ఒకటుంది. బీపీ మాత్ర వారానికి ఇచ్చి ఏం లాభం? ఎనిమిదో రోజున ఆ మనిషి ఎక్కడికి పోవాలి? ఆపరేషన్ చేసి వెళ్ళిపోతే కుట్టు చీము పట్టినప్పుడు ఎవరు చూడాలి? తమ దేశంలో చేయనివ్వని పనిని ఇక్కడి పేదల ఒంటి మీద నేర్చుకోవాలనుకునే విద్యార్థులు కూడా కొన్ని దేశాలకు వస్తుంటారు. అది సేవ కాదు, తప్పు. అందుకే విదేశీ డాక్టరు మన దగ్గర రోగిని ముట్టుకోవాలంటే తాత్కాలిక అనుమతి కావాలని మన వైద్య చట్టం పెట్టిన నియమం నాకు సరిగ్గానే అనిపిస్తుంది. విరాళంగా వచ్చిన యంత్రాల కథా ఇలాంటిదే. కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోయి, విడిభాగం దొరక్క, బాగుచేసే మనిషి లేక, గుడ్డ కప్పుకుని మూలన కూర్చున్న యంత్రాలు పేద దేశాల ఆసుపత్రుల్లో ఎన్నో. యంత్రం పంపేవాళ్ళు దాన్ని బాగుచేయడం ఇక్కడి ఐటీఐ కుర్రాడికి నేర్పే మనిషిని కూడా పంపాలి.

బత్తలపల్లికి అసలు పరీక్ష 2020లో వచ్చింది. మార్చి ఆఖరుకు విమానాలు ఆగిపోయాయి. స్పెయిన్‌లో అప్పుడు కోవిడ్ విలయం. అక్కడి డాక్టర్లకు తమ ఊళ్ళోనే క్షణం తీరిక లేదు. బత్తలపల్లి ఆసుపత్రిని జిల్లాకు కోవిడ్ ఆసుపత్రిగా చేశారు. సముద్రం దాటి ఇక ఎవరూ వచ్చి ఆదుకునే రోజులు కావవి. అప్పుడు ఆ వార్డుల్లో ఉన్నది మన జిల్లా పిల్లలే. చెమటతో తడిసే ఆ నీలం సూటు తొడుక్కుని, మంచినీళ్ళు తాగడానికి కూడా వీలు లేకుండా, మన మే నెల ఎండల్లో డ్యూటీ చేశారు. ఇంటికి పోతే పసిబిడ్డను ఎత్తుకోవడానికి భయపడ్డారు. ఆక్సిజన్ గొట్టం సరిచేయడం, బోర్లా పడుకోబెట్టడం, భయంతో వణికే మనిషికి వీడియో కాల్లో పిల్లల ముఖాలు చూపించడం, అన్నీ వాళ్ళే. నేను మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఆ నెలల్లో దొరికింది.

అలాగని ప్రభుత్వం చేయాల్సింది ట్రస్టు చేయజాలదు, చేయకూడదు కూడా. 2000లో అనంతపురానికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదటగా మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. 108 బండి కూత వినిపిస్తే దారి ఇవ్వడం మనకు అలవాటైంది. పుట్టపర్తిలో 1991 నవంబరు 22న తెరిచిన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో బిల్లు కట్టే కౌంటరే లేదు. అక్కడికీ వేరే రాష్ట్రాల నుంచి, దేశాల నుంచి డాక్టర్లు సేవకు వస్తారు. ఇవన్నీ కలిస్తేనే మన బతుకు. ఒకటి ఉంది కాబట్టి ఇంకొకటి అక్కర్లేదని ఎవరైనా అంటే వాళ్ళు ఎప్పుడూ రాత్రిపూట నొప్పులతో ఉన్న కూతుర్ని ఆటోలో కూర్చోబెట్టుకుని పోలేదని అర్థం. 2025లో విదేశీ విరాళాల అనుమతి దగ్గర ఆర్డీటీకి చిక్కు వచ్చినప్పుడు మన జనం రోడ్ల మీదికి వచ్చింది అందుకే. ఏ పార్టీ పిలుపూ అక్కర్లేకుండానే వచ్చినవాళ్ళు ఆ గుంపుల్లో ఎందరో ఉన్నారు. ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్ళు, అక్కడ పిల్లలను కన్నవాళ్ళు.

ఇక నా మనవి. ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో మన జిల్లా నుంచి వెళ్ళి హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో డాక్టర్లుగా, నర్సులుగా స్థిరపడినవాళ్ళ తల్లిదండ్రులు తప్పకుండా ఉంటారు. ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు వాళ్ళతో ఒక మాట చెప్పండి. సొంత ఊరికి వచ్చి ఒక రోజు శిబిరం పెట్టడం మంచిదే. అయితే అంతకన్నా మంచి పని ఉందని చెప్పండి. బత్తలపల్లి కానీ, కళ్యాణదుర్గం కానీ, మన జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి కానీ, ముందు అక్కడివాళ్ళను అడగమనండి: మీకు ఏం కావాలి, ఏం నేర్పితే మీకు ఉపయోగం అని. తమకు తోచింది చేయడానికి రావద్దనండి. వచ్చినప్పుడు నాలుగు రోజులు కాకుండా కొన్ని వారాలు ఉండమనండి. పగలు ఆపరేషన్ చేస్తే పక్కన ఇద్దరు జూనియర్లను నిలబెట్టుకుని, రెండోసారి వాళ్ళ చేత కుట్టు వేయించమనండి. రాత్రి డ్యూటీ సిస్టర్లతో ఒక్క రాత్రైనా కూర్చోమనండి. రాత్రుల్లో వచ్చే చిక్కులు పగటి రౌండ్లలో కనపడవు. వెళ్ళిపోయాక కూడా నెలకోసారి ఫోన్లో కేసులు మాట్లాడమనండి, ఇప్పుడు అందుకు ఖర్చు కూడా లేదు.

సముద్రాలు దాటి, భాష రాక, సైగలతో నేర్పి వెళ్ళినవాళ్ళు ఇంత చేశారు. మన పిల్లలకు అంత శ్రమ లేదు. అవ్వ పక్కన మంచం మీద కూర్చుని "ఎన్ని దినాలైందవ్వా, ఏం తింటాండావు?" అని నేరుగా అడగగలరు, ఆమె చెప్పేది చివరిదాకా వినగలరు.